అడగని డిపాజిట్లు

“తలుపు తీశారా?” వంటగదిలోంచే అడిగింది వదిన.

“లేదు,” అన్నాడు అన్నయ్య.

గురువారం సాయంత్రం మూసుకున్న తలుపు శనివారం పొద్దున ఎనిమిదైనా తెరుచుకోలేదు. మంచినీళ్ళకీ బాత్రూముకీ తప్ప నాన్న గదిలోంచి బయటికి రాలేదు. గుమ్మం పక్క స్టూలు మీద పెట్టిన కాఫీ చల్లారి మీగడ కట్టింది. దాని పక్కనే నిన్నటి పళ్ళెం, పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.

“ఎనభై ఒక్కేళ్ళ మనిషిని పట్టుకుని దొంగతనం అంటావా? అదీ నువ్వు?” అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. “బయటివాళ్ళు అనుంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి.”

“నాన్నని దొంగ అనలేదు. జరిగింది దొంగతనం అన్నాను.”

“అబ్బో, చాలా తేడా ఉంది మరి.”

నలభై మూడేళ్ళొచ్చినా ఆ ఇంట్లో ఆమె చిన్నమ్మాయే. తొమ్మిదేళ్ళుగా సంస్థకు కోశాధికారి అయినా చిన్నమ్మాయే. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆమెకు తగ్గుతుంది. ఇప్పుడు ఆమె మాట వినపడాలంటే అన్నయ్య బల్ల మీదికి వంగాల్సి వస్తోంది.

భోజనాల బల్ల నిండా రిజిస్టర్లు. ఏడాదికొకటి చొప్పున ఇరవై నాలుగు. బుధవారం నుంచీ అవి అక్కడే ఉన్నాయి, ఇంట్లోవాళ్ళు పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. రేపు పదింటికి కమిటీ మీటింగు. ఈ ఏటి లెక్కల కింద చిన్నమ్మాయి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితే సంస్థ నిల్వ డబ్బుతో సొంత బిల్డింగు కొనడానికి దారి తెరుచుకుంటుంది. పెట్టనని ఆమె గురువారమే చెప్పేసింది.

నాన్న ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. రిటైరైన ఏడాది ఒక పాత ఇనప మంచం, తల వైపు హ్యాండిల్ తిప్పితే లేచేది, సొంత డబ్బుతో కొని మంచాన పడ్డ పొరుగింటాయనకి వాడుకోమని ఇచ్చాడు. అలా మొదలైంది. ఇప్పుడు నూట పది మంచాలు, అరవై చక్రాల కుర్చీలు, ఒక వ్యాను. రోగి ఉన్న ఇల్లు ఏదైనా సరే, డిపాజిట్ కట్టి మంచం తీసుకెళ్ళొచ్చు. అద్దె లేదు. అవసరం తీరాక మంచం వెనక్కిస్తే డిపాజిట్ తిరిగి ఇస్తారు. ఊళ్ళో ఆయన్ని మంచాల తాతయ్య అంటారు. ఇంటి ముందు గది ఆఫీసు, పెరట్లో రేకుల షెడ్డు గోడౌను.

తిరిగి ఇస్తారు అని రసీదు మీదే ఉంది. గొడవంతా ఆ ఒక్క ముక్క దగ్గరే వచ్చింది.

“మంగళవారం ఆ టైలరమ్మ రాకపోయుంటే ఇదంతా ఉండేదా?” అన్నాడు అన్నయ్య. “పదకొండేళ్ళ కిందటి రసీదు తెచ్చి నా ముందు పెడితే ఏం చెయ్యమంటావ్?”

“చదవమంటాను. ‘మూడు వేలు, తిరిగి ఇవ్వబడును’ అని ఉంది. పదకొండేళ్ళయితే ఇవ్వబడదు అని ఎక్కడా లేదు.”

“ఇన్నాళ్ళూ ఆవిడకి ఆ డబ్బు అవసరం పడలేదా?”

“ఇప్పుడు పడిందిగా. తల్లికి తుంటి ఎముక విరిగి మూడు వారాలుగా నేల మీద ఉంది. మంచం కోసం వస్తే ఎనిమిది వేలు కట్టమన్నావు. పాత మూడు వేలు అందులో తగ్గించుకోండి, మిగతాది ఎలాగో తెస్తానంది. పాత రసీదులు చెల్లవన్నావు. నేను పక్క బల్ల దగ్గరే కూర్చుని విన్నాను.”

“విని అప్పుడేం అనలేదే?”

అన్నయ్య అన్నది నిజం. టైలరమ్మ ఆ రసీదుని నాలుగు మడతలు పెట్టి, బొత్తాల డబ్బాలో వేసుకుని, మూత గట్టిగా నొక్కి గడప దాటేదాకా చిన్నమ్మాయి పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ సిగ్గే మర్నాడు పొద్దున ఆమె చేత ఈ రిజిస్టర్లన్నీ కిందికి దింపించింది.

“మన నిల్వ ఎంత?” అని అడిగింది.

“ముప్ఫై ఎనిమిది లక్షల అరవై వేలు.” ఆ అంకె చెప్పేటప్పుడు అన్నయ్యకి తెలియకుండానే భుజాలు కొంచెం వెనక్కి వెళ్ళాయి. ఏటా రిపోర్టులో నాన్న ఒకే వాక్యం రాసేవాడు: దాతల ఆదరణతో మన నిల్వ ఈ ఏడు కూడా పెరిగింది. మీటింగులో ఆ వాక్యం దగ్గర చప్పట్లు కొట్టేవాళ్ళు.

“అందులో మనది తొమ్మిది లక్షల నలభై ఆరు వేలు. మిగతా ఇరవై తొమ్మిది లక్షల పైచిలుకు పదకొండు వందల నలభై ఆరు ఇళ్ళది. మనిషి పోయాక మంచం ఇచ్చేశారు, డిపాజిట్ తీసుకెళ్ళలేదు. మూడేళ్ళు చూసి, ఎవరూ రాలేదని దాన్ని నిల్వలో కలిపేశాం. లెక్కలు ముగించే రోజు ఒక్క లైను రాస్తే సరిపోయేది.”

“అలా చెయ్యమని ఆడిటరే చెప్పాడు, ఇరవై ఏళ్ళ కిందట. నువ్వూ రాశావు తొమ్మిదేళ్ళు.”

“రాశాను. నా దస్తూరీయే.” ఒక రిజిస్టరు తీసి అతని ముందుకు తోసింది. “నాలుగు వందల ముప్ఫై ఇళ్ళ డబ్బు నా చేత్తోనే మార్చాను. నాకవి అంకెలు. ఇళ్ళని అనుకోలేదు.”

“మరి ఆరేళ్ళ కిందట దాతలు మొహం చాటేసినప్పుడు ఏడు నెలలు జీతాలు ఎక్కణ్ణించి ఇచ్చాం? ఈ నిల్వలోంచే కదా. అది లేకపోతే అప్పుడే తలుపులు మూసుకునేవాళ్ళం. అప్పుడు నీకు కడుపు మండలేదా?”

“మండాల్సింది.”

“షెడ్డు కారుతోంది. మంచాలు తుప్పు పడుతున్నాయి. నేను చూసిన బిల్డింగులో కింద గోడౌను, ముందు ర్యాంపు, పైన హాలు. హాలుకి నాన్న పేరు పెడదామనుకున్నా. నేనేమైనా నా కరెంటు సామాన్ల షాపుకి మేడ కట్టుకుంటున్నానా?”

ఇందులో అబద్ధం లేదు. చిన్నమ్మాయికి ఒళ్ళు మండింది కూడా అందుకే. అన్నయ్య తినే మనిషైతే వ్యవహారం ఒక్క మాటతో తేలిపోయేది. దమ్మిడీ ముట్టడు. వ్యానుకి డీజిలు ఎన్నోసార్లు తన జేబులోంచే కొట్టించాడు. తన మంచితనం మీద ఇంత నమ్మకమున్న మనిషికి తప్పు చూపించడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

“వాళ్ళే వదిలేశారు,” అన్నాడతను మెత్తగా. “విరాళం అనుకుని వదిలేశారు. మనం లాక్కోలేదు కదా.”

“విరాళం ఇచ్చినవాళ్ళ పేర్లు రిపోర్టులో వేస్తాం. కుర్చీ వేసి కూర్చోబెడతాం. ఈ పదకొండు వందల నలభై ఆరు మంది పేర్లు ఎక్కడ వేశాం? డిపాజిట్ వెనక్కి తీసుకున్నవాళ్ళెవరో కూడా చూశాను, విను. కాంట్రాక్టరు మూడో రోజే రసీదిచ్చి డ్రైవర్ని పంపాడు. లాయరుగారు వారంలో. సినిమా హాలు ఓనరు అయితే మనం పది నోట్లు చిరిగినవి ఇచ్చామని మార్చుకెళ్ళాడు. వదిలేసిందెవరు? బస్తాలు మోసేవాడు. ఇళ్ళలో గిన్నెలు తోమే ఆవిడ. వాచ్‌మన్. అడగడం తెలిసినవాడికి లెక్కపెట్టి ఇచ్చాం. మొహమాటపడ్డవాడిది దాచుకుని, చప్పట్లు కొట్టుకున్నాం.”

వదిన ట్రేతో వచ్చి ఇద్దరి ముందూ కాఫీ పెట్టింది.

“ఆయన మూడు పూటలుగా గుక్కెడు కాఫీ తాగలేదు. మీ ఇద్దరికీ మాత్రం ఇది మూడో కప్పు. అరవడానికి ఓపిక ఉండాలిగా.” ట్రే చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది. “ఎనిమిది వేలేగా. నా దగ్గరున్నాయి. టైలరమ్మకిచ్చేద్దాం, మంచం పంపిద్దాం. ఈ రిజిస్టర్లు తీసేస్తే మనం బల్ల మీద తింటాం.”

“ఆవిడ డబ్బు ఆవిడకివ్వడానికి మీ పర్సెందుకు వదినా?” చిన్నమ్మాయి గొంతు ఇంకా తగ్గింది. “మీరిస్తే అది దానమవుతుంది. మళ్ళీ మనమే మంచివాళ్ళమవుతాం.”

“అయితే ఏం చేద్దామంటావ్? ఊరంతా టముకు వేయిద్దామా, వచ్చి తీసుకోండని?” అన్నాడు అన్నయ్య. “మంచం వెనక్కి తెచ్చుకునే రోజు డబ్బు మాట ఎత్తకూడదని రూలు పెట్టిందెవరు? ఆ గదిలో ఉన్నాయన.”

ఆ రూలు నిజంగానే నాన్నది. మొదటి ఏడాది ఒకింట్లో మనిషి పోతే మంచం కోసం ఆయనే వెళ్ళాడు. నిజాయితీ ఎక్కువ కదా, డిపాజిట్ కూడా పట్టుకెళ్ళి, శవం ఇంకా ఇంట్లో ఉండగానే నోట్లు లెక్కపెట్టి పెద్దకొడుకు చేతిలో పెట్టబోయాడు. “మా నాన్న ఖరీదు ఇంతేనా?” అన్నాడట ఆ కొడుకు. నాన్న ఆ నోట్లు జేబులో పెట్టుకుని తల వంచుకుని వచ్చేశాడు. ఆ రోజు నుంచీ అదే పద్ధతి. వ్యాను వెళ్తుంది, డ్రైవరు మంచం విప్పుతాడు, ఒక్క నిమిషం తల వంచి నిలబడి వచ్చేస్తాడు. డబ్బు గురించి ఒక్క మాట ఉండదు. ఎవరైనా ఆఫీసుకొచ్చి అడిగితే ఇస్తారు, అడగనివాళ్ళకి గుర్తుచెయ్యరు. ఎంత సంస్కారం అని ఊరంతా మెచ్చుకుంది. ఆ సంస్కారంలోంచి ఇరవై తొమ్మిది లక్షలు పుట్టుకొచ్చాయి.

అంతలో పెరటి గుమ్మంలో వ్యాను డ్రైవరు వచ్చి నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, ఇద్దరికీ బాబాయే.

“టైలరమ్మ ఇంటి మీదుగా వచ్చానమ్మా,” అన్నాడు చిన్నమ్మాయితో. “ముసలావిడకి వీపు మీద చర్మం లేచిపోయింది. రెండు చోట్ల. గోడౌన్లో తొమ్మిది మంచాలు ఊరికే పడున్నాయి. మీరిద్దరూ ఎవరు రైటో తేల్చుకునేలోపు...”

చిన్నమ్మాయి లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. గోడౌను తాళంచెవి మేకుకి లేదు. వెనక్కి తిరిగేసరికి అన్నయ్య జేబు మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు.

“డిపాజిట్ లేకుండా ఇరవై నాలుగేళ్ళలో ఒక్క మంచం బయటికి వెళ్ళలేదు. ఈ రోజు ఆవిడకంటావు, రేపు అందరికీ అంటావు.”

“డిపాజిట్ ఉంది అన్నయ్యా. పదకొండేళ్ళుగా మన దగ్గరే ఉంది.”

“రూలు రూలే.”

“ఆవిడ వీపు వీపు కాదా?”

గదిలోపల గడియ తీసిన చప్పుడైంది. నాన్న బయటికొచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు, చెంపల మీద రెండు రోజుల గడ్డం. స్టూలు మీది కాఫీ వైపు చూడలేదు. తిన్నగా వచ్చి కొడుకు ముందు చెయ్యి చాపాడు.

“తాళం.”

అన్నయ్య ఆయన మొహం చూసి, జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ రెండు క్షణాల్లో తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకున్న తీరు చిన్నమ్మాయికి కొత్తగా తోచింది. ఇద్దరికీ తెలిసి తనకి తెలియనిదేదో ఉన్నట్టుంది. అంతలోనే నాన్న పెరటి వైపు నడిచాడు.

“నేనూ వస్తాను,” అన్నాడు డ్రైవరుతో.

“కాస్త కాఫీ తాగి వెళ్ళండి మామయ్యా,” అంది వదిన.

“వచ్చాక తాగుతానమ్మా.”

చిన్నమ్మాయి జాబితా ఉన్న సంచీ భుజానికి తగిలించుకుని వెనకే వెళ్ళింది.

వ్యాను ముందు సీటులో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. నాన్న మధ్యలో. గేరు మార్చినప్పుడల్లా డ్రైవరు మోచెయ్యి ఆయన మోకాలికి తగులుతోంది. తిడతాడేమోనని చిన్నమ్మాయి ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది కూడా.

“గురువారం ఆ మాట అనకుండా ఉండాల్సింది నాన్నా.”

“సరైన మాటే,” అన్నాడాయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

టైలరమ్మ ఉండేది రెండో అంతస్తులో ఒకే ఒక్క గది. మెట్లు సన్నం. మంచాన్ని మూడు ముక్కలుగా విప్పి డ్రైవరూ, చిన్నమ్మాయీ, పక్క గది ఆయనా మోశారు. నాన్న హ్యాండిల్ పట్టుకుని, గోడ ఆసరాతో, మెట్టుకోసారి ఆగుతూ ఎక్కాడు. గదిలో కిటికీ కింద కుట్టు మిషను. దాని చుట్టూ గోనెసంచుల నిండా చొక్కా కాలర్లు. మూలన దుప్పట్ల మీద పడుకున్న ముసలావిడ ఇంతమంది ఒక్కసారి రావడం చూసి బెదిరిపోయింది.

“డబ్బు ఇంకా జమ కాలేదండీ,” అంది టైలరమ్మ, దారికి అడ్డంగా నిలబడి. “సోమవారానికైతే...”

“ముందు మంచం వెయ్యనివ్వమ్మా,” అన్నాడు డ్రైవరు.

మరలు బిగించడానికి పావుగంట పట్టింది. ముసలావిడని నలుగురూ దుప్పటితో పాటే ఎత్తి పడుకోబెట్టారు. నాన్న హ్యాండిల్ తనే తిప్పాడు. తల వైపు మెల్లగా లేచింది.

“ఆపండి, ఆపండి. చాలు,” అంది ముసలావిడ. తర్వాత మొహం విప్పారింది. “కిటికీ కనిపిస్తోందే.”

నాన్న హ్యాండిల్ వదిలి టైలరమ్మ వైపు తిరిగాడు. రోగం ఉన్న గడపలోనూ, చావు చూసిన గడపలోనూ ఇరవై నాలుగేళ్ళుగా ఎత్తని మాట ఎత్తాడు.

“అమ్మా, మీ డబ్బు మా దగ్గరుంది.”

“అదే బాబుగారూ, ఆ మూడు వేలూ తగ్గించుకుంటే...”

“తగ్గించుకోవడం కాదు. పదకొండేళ్ళ కిందట, మీ ఆయన పోయాక మేం మంచం తీసుకెళ్ళిన రోజే మీ చేతికి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. ఇవ్వాలని మీకు చెప్పను కూడా లేదు.”

టైలరమ్మ ఆయన్ని వింతగా చూసింది.

“ఆ రోజు ఈ బాబాయే వచ్చాడు. మంచం విప్పి, తల వంచి నిలబడి, కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. ఎంత మర్యాద గల మనుషులో అని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పుకుందో. నేనైతే ఆ మూడు వేలూ మంచం అద్దెకి సరిపోయాయి కాబోలనుకున్నాను. మొన్న బొత్తాల డబ్బాలో ఆ కాగితం కనిపిస్తే పక్కింటి అమ్మాయి చదివి చెప్పింది, ఇది నీకు తిరిగి రావాలి అని.”

“అప్పుడే ఎవరి చేతైనా చదివించుకోవాల్సింది,” అంది చిన్నమ్మాయి. అనగానే నాలుక కరుచుకుంది.

“అప్పుడు కాగితాలు చూసుకునే తీరికెక్కడిదండీ? మూడు నెలల ఇంటద్దె బాకీ. సామాను బయటపడేస్తామని కూర్చున్నారు. నా మిషను అమ్మేశాను, రెండు వేల ఎనిమిది వందలకి.” టైలరమ్మ నవ్వింది. “మీ దగ్గర మూడు వేలున్నాయని తెలిసుంటే అద్దె కట్టి ఇంకో రెండు వందలు మిగుల్చుకునేదాన్ని.”

ఎవరూ నవ్వలేదు.

“మరి ఇది?” నాన్న కిటికీ కింది మిషను చూపించాడు.

“ఇది షాపువాడిది. నెలకి మూడు వందలు కూలిలో పట్టుకుంటాడు.”

“ఎప్పట్నించి?”

“అప్పట్నించే.”

చిన్నమ్మాయి వద్దనుకుంటూనే లెక్క కట్టింది. ఏడాదికి మూడు వేల ఆరు వందలు. పదకొండేళ్ళకి ముప్ఫై తొమ్మిది వేల ఆరు వందలు. ఆవిడ అమ్ముకున్న మిషను లాంటివి పద్నాలుగు వస్తాయి. సంస్థ రిజిస్టరులో మాత్రం ఇది ‘మూడు వేలు, బదిలీ’ అని ఒకే ఒక్క లైను. ఆ లైను రాసింది తనే. ఎనిమిదేళ్ళ కిందట, ఫ్యాను కింద కూర్చుని, టీ తాగుతూ రాసి ఉంటుంది.

టైలరమ్మకి వాళ్ళ మీద కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. పైగా రెండు గ్లాసులు కడిగి మంచినీళ్ళిచ్చింది. కుర్చీ లేనందుకు నొచ్చుకుంది. చిన్నమ్మాయి రసీదు పుస్తకం తీసి, డిపాజిట్ అని ఉన్న చోట ‘పాతది ఉంది, కొత్తది అక్కర్లేదు’ అని రాసి చదివి వినిపించింది. నాన్న కింద సంతకం పెట్టాడు.

కింద వ్యాను ఎక్కాక డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. వ్యాను రెండు వీధులు దాటింది.

“గురువారం పొద్దున మీ అన్నయ్య చెక్కు పట్టుకొచ్చాడు,” అన్నాడు నాన్న. “బిల్డింగుకి అడ్వాన్సు. నేను సంతకం పెట్టాను.”

చిన్నమ్మాయి ఆయన వైపు తిరిగింది. “ఎంత?”

“పద్నాలుగు లక్షలు.”

“మనది తొమ్మిది లక్షలే కదా నాన్నా.”

“సాయంత్రం నువ్వు చెప్పేదాకా ఆ అంకె నాకు తెలియదు.”

“మీటింగు రేపు. తీర్మానం లేకుండా చెక్కు ఎలా ఇస్తారు?”

“ఎలాగూ రేపు అవుతుంది కదా అన్నాడు. ఇంకెవరో బేరానికి వచ్చారట. ఇద్దరి సంతకాలు చాలు. కార్యదర్శిగా వాడు పెట్టాడు, అధ్యక్షుడిగా నేను పెట్టాను.”

పొద్దున్నుంచీ, కాదు, మొన్నటి నుంచీ అన్నయ్య చిన్నమ్మాయితో వాదిస్తూనే ఉన్నాడు. షెడ్డు కారుతోందన్నాడు, తుప్పన్నాడు, దొంగతనమనే మాటకి పళ్ళు రాలగొడతానన్నాడు. డబ్బు అప్పటికే వెళ్ళిపోయిందని ఒక్క మాట చెప్పలేదు. రేపు తను పెట్టాల్సిన సంతకం దారి తెరవడానికి కాదు, వెళ్ళిపోయిన డబ్బు వెనక తలుపు వెయ్యడానికి. నాలుగున్నర లక్షలు, ఎవరెవరివో. అందులో ఎవరి మిషను ఉందో, ఎవరి ఇంటద్దె ఉందో.

“వాడు చెప్పలేదు. మీరూ చెప్పలేదు,” అంది. ఈసారి ఆమె గొంతు తగ్గలేదు. డ్రైవరు ఉలిక్కిపడి చూశాడు. “నేను లెక్కలు చదువుతుంటే మీరు ఎదురుగా కూర్చుని విన్నారు నాన్నా. విని, లేచి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. నేనన్న మాటకి మీ మనసు విరిగిందని ఇల్లంతా నన్ను దులిపేసింది.”

“అనుకోనిచ్చాను.” నాన్న ఒప్పుకున్నాడు. “అలా అనుకుంటే నాకు సులువుగా ఉండింది.”

“ఎవరి డబ్బో ఇరవై నాలుగేళ్ళలో మీకెప్పుడూ అనుమానం రాలేదా?”

“వచ్చింది. అడగలేదు.” ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. “అడిగితే తెలుస్తుంది కదా. తెలిస్తే ఇచ్చెయ్యాలి. నిల్వ పెరిగిందంటే అందరితో పాటు సంతోషించాను.”

చిన్నమ్మాయి ఫోను మోగింది. అన్నయ్య. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మొదలైంది. వ్యాను ఇంటి వీధి మలుపు దగ్గరికి వచ్చింది. డ్రైవరు సిగ్నల్ వేశాడు.

“తిప్పకు,” అన్నాడు నాన్న. “తిన్నగా పోనీ.”

డ్రైవరు చిన్నమ్మాయి వైపు చూశాడు. ఆమెకీ ఏం అర్థం కాలేదు. వ్యాను వీధి దాటి, మూసి ఉన్న ఒక షాపు ముందు ఆగింది.

“నీ సంచీలో జాబితా ఉందిగా,” అన్నాడు నాన్న. “దగ్గర్లో ఉన్న ఇల్లేదో చూడు.”

“ఇవ్వడానికి చేతిలో ఏముందని వెళ్తాం? చెక్కు మారిపోయి ఉంటే ఉన్నదాంట్లోంచి అందరికీ సరిపోదు కూడా. వెళ్ళి ఏం చెప్తారు వాళ్ళకి?”

“ఇచ్చేస్తానని చెప్పను. ఆ మాట ఇప్పుడు అబద్ధమవుతుంది.” నాన్న తప్పుగా పెట్టుకున్న చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, సరిచేసి పెట్టుకుంటున్నాడు. “రేపు పదింటికి మీటింగు ఉందని చెప్తాను. వచ్చి మా అందరి ముందూ నిలబడి అడగమని చెప్తాను.”

“అన్నయ్య పరువు పోతుంది నాన్నా.”

“ముందు నాది పోతుంది. వాడిది తర్వాత.”

ఫోను మూడోసారి మోగడం మొదలుపెట్టింది. చిన్నమ్మాయి దాన్ని సంచీ అడుగుకి తోసేసి, జాబితా పైకి తీసి, వేలు పెట్టి వెతికి, మొదటి చిరునామా పైకి చదివింది. అది అన్నయ్య షాపు పక్క సందు.